నువ్వొక్కడివే రా, ఎవరికీ చెప్పకు

జనవరి 11, శనివారం

మా అమ్మాయి నైనిక బేస్ గిటార్ మానేసింది. స్కూల్ జాజ్ బ్యాండ్‌లో చేరతానని మూడు నెలలు ప్రాణం తోడేసి కొనిపించుకుంది. ఇప్పుడేమో వాలీబాల్ అట. పదమూడేళ్ళ పిల్లకి మనసు ఎన్నిసార్లు మారుతుందో లెక్క పెట్టడం నా వల్ల కాదు. వెనక్కిచ్చే గడువు ఎప్పుడో అయిపోయింది. ఫొటో తీసి ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టెయ్యమన్నాడు జగదీష్. మొగుడుగారికి ఇంట్లో ఏది ఖాళీగా కనిపించినా అమ్మెయ్యాలి.

ఫొటో కోసమే లాండ్రీ రూమ్‌లోకి తీసుకెళ్ళాను. అక్కడ లైట్ బాగుంటుంది. చేతిలోకి తీసుకుని చూద్దును కదా, నాలుగు తీగలు, కింద మెట్లు. వీణకీ వాయించే తీగలు నాలుగే. చూపుడు వేలూ మధ్య వేలూ మార్చి మార్చి మీటాను. ముప్ఫై ఏళ్ళయింది, అయినా వేళ్ళకి సిగ్గు లేదు, వెంటనే గుర్తు తెచ్చుకున్నాయి. డ్రయర్ తిరుగుతోంది కాబట్టి ఎవరికీ వినపడలేదు.

ఫొటో తియ్యలేదు.

జనవరి 14, మంగళవారం

ఎడమ చేతి వేళ్ళు మండుతున్నాయి. పెనం తగిలిందని ఇంట్లో చెప్పాను. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుకుతున్నాను.

జనవరి 24, శుక్రవారం

ఈ వారం లలితా సహస్రనామ పారాయణం మా ఇంట్లో. ముప్ఫై ఎనిమిది మంది. మా ఊరు పిస్కాటవేలో ఇన్ని పట్టుచీరలు ఒకేసారి చూడాలంటే మా గ్రూపే. చదివించేది నేను. వెయ్యి నామాలూ తడుముకోకుండా చదువుతాను, అందరితో కలిసి కదా, ఎవరికైనా ఊపిరి తప్పితే పక్కవాళ్ళు అందుకుంటారు. అందులో భయమేముంది.

హారతి పాటల దగ్గర సుబ్బులు గారు మామూలుగానే తొడ మీద తాళం వేశారు, పక్కగదిలోకి వినపడేట్టు. ఆవిడ కాకినాడలో ఇరవై ఏళ్ళు సంగీతం చెప్పారు. ఇప్పుడు డెబ్భై దాటాయి. మైక్రోవేవ్ బీప్ బీప్ అన్నా దానికీ తాళం వేస్తారు. ఆవిడ పుణ్యమా అని మా గ్రూపులో ప్రతి ఒక్కరికీ ఆది తాళం వచ్చు.

తర్వాత అందరూ గోడ మీద వీణ ముందు నిలబడి ఫొటోలు దిగారు. ఎంత బాగుందండీ షోపీసు, ఎక్కడ కొన్నారు అని ఒకావిడ. నవ్వి ఊరుకున్నాను.

అది షోపీసు కాదు, నాదే. పదిహేనో ఏట రాజమండ్రిలో జిల్లా పోటీకి వెళ్ళాను. రెండో ఆవర్తనంలో, తాళం రెండోసారి తిరుగుతుండగా, చెయ్యి ఆగిపోయింది. మర్చిపోలేదు. తర్వాత ఏం వాయించాలో తెలుసు, చెయ్యి కదల్లేదు, అంతే. హాల్లో ఎవరో దగ్గారు. జడ్జీలు కాగితాలు తిప్పుకుంటున్నారు. లేచి వచ్చేశాను. ఆ తర్వాత మనిషి ముందు తీగ ముట్టుకోలేదు. పెళ్ళయ్యాక వీణ నాతో పాటు అమెరికా వచ్చి గోడెక్కింది. ఈ సంగతి జగదీష్‌కి కూడా తెలియదు. ఆ వీణ మా అమ్మదనుకుంటాడు.

అసలు సంగతి ఇది కాదు. ప్రసాదాల వేళకి యూనివర్సిటీ పిల్లలు కొందరు వచ్చారు. పారాయణానికి రారు, దద్దోజనానికి వస్తారు, రానీ పాపం. అందులో మనీషా అని ఒకమ్మాయి, వరంగల్, ఎం.ఎస్. రెండో సెమిస్టర్. వడ్డిస్తుంటే నా వేళ్ళ వంక చూసి, ఆంటీ, గిటార్ ఎవరు నేర్పుతున్నరు మీకు అని అడిగింది. పెనం కాలిందన్నాను. పెనం నాలుగు వేళ్ళ కొసల మీదనే ఎట్ల కాలుస్తది, నాకు తెల్వదా అంది.

పెరుగు గరిటె చేతిలో ఉండగానే దొరికిపోయాను.

జనవరి 30, గురువారం

మనీషా నాలుగు మెసేజ్‌లు పెట్టింది. తను పాడుతుందట, గిటార్ వాయిస్తుందట, పాటలు తనే రాసుకుంటుందట. డ్రమ్స్‌కి ఒకబ్బాయి ఉన్నాడు, బేస్ లేదు. ఒక్కసారొచ్చి వాయించి చూడు అక్కా, నచ్చకపోతే పో, ఎవరాపుతరు అని. ఆంటీ నించి అక్కకి ప్రమోషన్ ఆరు రోజుల్లో వచ్చింది.

కుదరదు అని టైప్ చేశాను. పంపలేదు.

ఫిబ్రవరి 6, గురువారం

వెళ్ళాను! ఇండియా సైట్‌తో ఆడిట్ కాల్ ఉంది, ఆఫీసులోనే ఉంటానని ఇంట్లో అబద్ధం చెప్పి మరీ వెళ్ళాను. ఫార్మా కంపెనీలో క్వాలిటీ డాక్యుమెంటేషన్ చూసే మనిషిని. నా బతుకంతా జరిగింది జరిగినట్టు రాయడమే. నేనే ఇలా.

డ్రమ్స్ అబ్బాయి మానవ్, ఇరవై ఒక్కేళ్ళు, పక్క ఊరు ఎడిసన్‌లోనే పుట్టాడు. న్యూ బ్రన్స్‌విక్‌లో ఇంకో నలుగురితో కలిసి ఒక పాత ఇల్లు రెంట్‌కి తీసుకున్నాడు. ప్రాక్టీస్ ఆ ఇంటి బేస్‌మెంట్‌లో. ఒక మూల నీళ్ళు తోడే మోటారు ఉంటుంది, అందుకని ఆ ఇంటికి సంప్ పంప్ అని పేరు పెట్టారు. నెలకోసారి అక్కడ షోలు జరుగుతాయట. మూడు బ్యాండ్లు, అరవై మంది పిల్లలు, నిలబడి వినడం. ఒకటే రూలు. అడ్రస్ ఎక్కడా రాయకూడదు. పోస్టర్ మీద ఇంటి ముద్దుపేరే ఉంటుంది. తెలియనివాళ్ళు తెలిసినవాళ్ళని అడిగి రావాలి. అడ్రస్ బయటికి పోతే పోలీసులొస్తారు, ఓనర్‌కి తెలుస్తుంది, ఇక ఇల్లు అయిపోయినట్టే. ఇదంతా మానవ్ సగం తెలుగులో చెప్పాడు, రూల్ మాత్రం రెండుసార్లు చెప్పాడు.

పేరు పెట్టి పిలవమన్నాను. సుమతి అని ఒకసారి అని చూసి వాడే ఎర్రగా అయిపోయాడు. మా మమ్మీకి తెలిస్తే ఐ యామ్ డెడ్, ఆంటీ అన్నాడు.

వాళ్ళిద్దరి వైపు వీపు పెట్టి, మోటారు వైపు తిరిగి వాయించాను. ఇటు తిరగమనలేదు వాళ్ళు. మంచి పిల్లలు.

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ ఒక చోట వీణ అలవాటు కొద్దీ తీగని పక్కకి లాగి గమకం వేశాను. తప్పు చేశాననుకుని ఆపేశాను. మానవ్ స్టిక్స్ కింద పెట్టి, ఆంటీ, అది ఏంటి అది, మళ్ళీ చెయ్యండి ప్లీజ్ అన్నాడు. ఎనిమిదిసార్లు చేయించాడు. చిటికెన వేలు బొత్తిగా వాడట్లేదని కూడా చెప్పాడు. చిన్నప్పటి మాస్టారు కూడా నన్ను ఇంత ఓపిగ్గా దిద్దలేదు.

ఇంటికొచ్చేసరికి జగదీష్ పాపం అన్నం పెట్టి ఉంచాడు. ఆడిట్ ఎలా జరిగిందని అడిగాడు. ఫైండింగ్స్ ఏమీ లేవు, ఏ తప్పూ దొరకలేదన్నాను.

మార్చి 6, గురువారం

బ్యాండ్‌కి పేరు కుదిరింది. 110 వోల్ట్స్. మనీషా వరంగల్ నించి మిక్సీ తెచ్చుకుంది. ఇక్కడి నూటపది వోల్టుల కరెంట్‌కి అది మూలుగుతుంది తప్ప తిరగదు, చట్నీలో పల్లీలు పల్లీల్లాగే ఉంటాయి, అయినా పారెయ్యదు. మనమంతా గంతే కదా అక్కా, రెండొందల ఇరవై మీద నడిచేటోళ్ళం, గిక్కడ నూటపది మీద మూలుగుతున్నం అంది. మానవ్‌కి అర్థం కాలేదు. వాడు పుట్టడమే నూటపది.

మార్చి 20, గురువారం

మనీషా కొత్త పాట తెచ్చింది. 'ఇంకా ఇరవై నిమిషాలు'. కాయిన్ లాండ్రీలో, డబ్బులేసి బట్టలుతుక్కునే చోట, డ్రయర్ ముందు కూర్చున్న అమ్మాయి పాట. బట్టలు తిరుగుతుంటాయి, అమ్మ ఫోన్ చేస్తుంది, జాబ్ వచ్చిందా అంటుంది, ఇంకా ఇరవై నిమిషాలు అంటుంది పిల్ల. విని ఏడ్చాను. దాచుకోలేదు కూడా.

చిక్కేమిటంటే ఆ పాట బేస్‌తో మొదలవ్వాలట. బేస్ ఒక్కటే. నాలుగు బార్లు. అంటే మన ఆది తాళంలో రెండు ఆవర్తనాలు. గిటార్ ఉండదు, డ్రమ్స్ ఉండవు, ముందు నిశ్శబ్దం, తర్వాత నేను. డ్రయర్ లెక్క నువ్వే తిరగాలె అక్కా అంది.

నా వల్ల కాదన్నాను. వేరే పాట ఏదైనా సరే అన్నాను. మనీషా మొండిది. కారణం చెప్పు, తీసేస్తా అంది.

బేస్ సర్దేసుకుని ఇంటికొచ్చేశాను.

మార్చి 27, గురువారం

మూడుసార్లు ప్రయత్నించాం. మూడుసార్లూ రెండో ఆవర్తనంలో చెయ్యి ఆగింది. మనుషులు ఇద్దరే, అయినా ఆగింది. మానవ్ స్టిక్స్‌తో టిక్ టిక్ కొడతానన్నాడు. మనీషా వద్దంది, పాట నిశ్శబ్దంలోంచే లేవాలట.

రాజమండ్రి సంగతి చెప్పేశాను. ఈ ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి నోరు విప్పింది ఇద్దరు పిల్లల ముందు, సంప్ పంప్ పక్కన. మనీషా, అయితే ఈ పాట నీదే అక్కా అంది. తీసేస్తుందనుకుంటే ఇంకా గట్టిగా బిగించింది!

ఏప్రిల్ 10, గురువారం

షో ఏప్రిల్ 26, శనివారం, సంప్ పంప్‌లో. మూడు బ్యాండ్లలో మాదే మొదటిది. పోస్టర్ వచ్చింది. మిక్సీ బొమ్మ, కింద పేర్లు: మనీషా, మానవ్, ఆంటీ. నా పేరు వెయ్యొద్దన్నది నేనే.

ఈ వారం ఐదుసార్లలో మూడుసార్లు చివరిదాకా వెళ్ళాను.

ఏప్రిల్ 22, మంగళవారం, మధ్యాహ్నం 12:40

జగదీష్‌కి చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. ఒక్క మనిషైనా నా మనిషి ఉండాలి అక్కడ. నోటితో చెబితే వంద ప్రశ్నలు, అందుకని మెసేజ్ పెట్టేశాను. శనివారం సాయంత్రం ఏడింటికి, ఇంటి నెంబరుతో సహా అడ్రస్, కింద ఇలా రాశాను: నీకొక విషయం చూపించాలి. నువ్వొక్కడివే రా, ఎవరికీ చెప్పకు.

తర్వాత పోస్టర్ పంపుదామనుకునేలోపు ప్లాంట్ ఫ్లోర్ మీదికి పిలిచారు. అక్కడికి ఫోన్ తీసుకెళ్ళకూడదు. లాకర్‌లో పెట్టాను.

మధ్యాహ్నం 3:15

ఓరి భగవంతుడా.

మధ్యాహ్నం 3:30

జగదీష్‌కి వెళ్ళలేదు. లలితా పారాయణం గ్రూప్‌కి వెళ్ళింది. నూట పన్నెండు మంది. పైన పక్కపక్కనే పిన్ చేసుకున్నాను రెండు చాట్లూ.

నువ్వొక్కడివే రా, ఎవరికీ చెప్పకు. నూట పన్నెండు మందికి!

రెండున్నర గంటలు అలాగే ఉంది అది. డిలీట్ చేసి లాభం లేదు. ముందు ఎవరో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు, దేనికో తెలియదు. తర్వాత గ్రూపంతా నిశ్శబ్దం. అంటే పక్కన వేరే గ్రూపుల్లో మాట్లాడుకుంటున్నారన్న మాట. సుబ్బులు గారివి ఏడు మిస్డ్ కాల్స్. చేస్తే గొంతు తగ్గించి, ఏమ్మా సుమతీ, ఇంట్లో అంతా బాగానే ఉందా, జగదీష్ మంచివాడే కదా అన్నారు. అప్పుడు వెలిగింది నాకు ఆవిడ ఏమనుకుంటున్నారో. సిగ్గుతో చచ్చి, ఆవిడతో మొత్తం చెప్పేశాను. బ్యాండ్, బేస్, శనివారం, అన్నీ. పోస్టర్ కూడా పంపాను.

సాయంత్రం 5:30

సుబ్బులు గారు పోస్టర్ గ్రూప్‌లో పెట్టేశారు. నా పరువు కాపాడటానికట. సుమతి వీణ విద్వాంసురాలు, శనివారం కచేరీ, అందరూ రావాలి అని. పాట్‌లక్ షీట్ కూడా తయారైంది, ఎవరేం వండి తెస్తారో రాసేది. పులిహోర ఇద్దరు రాశారు. అడ్రస్ ఇంకో మూడు గ్రూపులకి ఫార్వర్డ్ అయింది.

రాత్రి భోజనాలప్పుడు చెబుదామనుకున్నాను జగదీష్‌కి. ఈలోపు వాళ్ళ ఆఫీసులో ఎవరో చెప్పేశారట. ఇంటికొచ్చి అడిగిందొక్కటే, నన్నొక్కడినే రమ్మన్నావా నిజంగా అని. అవునన్నాను. సరే అన్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడు దొంగ.

ఏప్రిల్ 23, బుధవారం

నవ్వులన్నీ నిన్నటితో సరి. గ్రూప్‌లో హంసిక గారు అడ్రస్ చూసి, ఇది మా రెంటలే కదండీ అని రాశారు. ఆ ఇంటి ఓనర్లు వాళ్ళే. వాళ్ళ పిల్లలకి నేను శ్లోకాలు నేర్పాను, ఆ ఇల్లు వాళ్ళదని నాకేం తెలుసు.

వాళ్ళాయన పొద్దున్నే మానవ్‌కి ఫోన్ చేశాడు. షోలు బంద్. శనివారం బంద్, ఇంకెప్పుడూ బంద్. వీకెండ్ లోపల డ్రమ్స్ తీసెయ్యాలి.

ఒక్క రూలు చెప్పాడు ఆ పిల్లాడు. రెండుసార్లు చెప్పాడు.

మానవ్‌కి ఫోన్ చేశాను. ఇట్స్ ఓకే ఆంటీ అన్నాడు. ఆ ఓకే ఓకేలా లేదు. మిగతా రెండు బ్యాండ్ల వాళ్ళూ వాడి మీద కోపంగా ఉన్నారట. అందులో ఒకళ్ళు పెన్సిల్వేనియా నించి రావాలి.

ఏప్రిల్ 24, గురువారం, లంచ్

ప్రాక్టీస్ లేదు. అలవాటు కొద్దీ డీవియేషన్ రిపోర్ట్ రాస్తున్నాను, ఆఫీసులో తప్పు జరిగితే రాసినట్టే.

ఏం జరిగింది: రహస్య సమాచారం తప్పు గ్రూప్‌కి వెళ్ళింది. ప్రభావం: ముగ్గురు కాదు, మూడు బ్యాండ్లు. రూట్ కాజ్: మనిషి పొరపాటు.

కానీ మా ఆఫీసులో అలా రాస్తే ఫారం వెనక్కి వస్తుంది. మనిషి పొరపాటు అన్నది కారణం కాదు, దాని వెనకాల ఏముందో వెతకమంటారు. ఇరవై మందికి నేనే తిప్పి పంపాను అలా.

సరే, వెతికాను. పిన్ చేసిన గ్రూప్‌లో పైన పేరు ఎంత పెద్దగా ఉంటుంది! పదమూడేళ్ళుగా రోజుకి పదిసార్లు చూస్తున్నాను. చూడకుండా పంపానా? ఏమో. నాకు తెలిసిందల్లా, మా ఇంట్లో పారాయణం అయిన ప్రతిసారీ ఆ ముప్ఫై ఎనిమిది మంది నా వీణ ముందు ఫొటోలు దిగుతుంటే, ఇది నాది, నేను వాయిస్తాను అని అరవాలనిపించేది.

రూట్ కాజ్: వాళ్ళకి తెలియాలనుకున్నాను.

కరెక్టివ్ యాక్షన్, అంటే దిద్దుబాటు: ఖాళీ.

ఏప్రిల్ 25, శుక్రవారం

పారాయణం సుబ్బులు గారింట్లో. వెయ్యి నామాలూ అయ్యాక లేచి నిలబడి చెప్పాను. రేపు కచేరీ లేదు. అది కచేరీ కాదు, రాక్ షో. నేను విద్వాంసురాల్ని కాదు, చెయ్యి ఆగిపోయి పారిపోయినదాన్ని. నా మూలంగా మూడు బ్యాండ్ల పిల్లలకి చోటు పోయింది అని. హంసిక గారు తల దించుకుని పళ్ళెంలో పువ్వులు సర్దుతున్నారు. ఆవిడ తప్పేం లేదని కూడా చెప్పాను, ఇల్లు వాళ్ళది, భయం వాళ్ళది.

సుబ్బులు గారు అంతా విని, ఇంతకీ ఏం కావాలమ్మా మీకు, ఒక బేస్‌మెంటేనా అన్నారు. మాకు లేదా ఏమిటి బేస్‌మెంటు?

వాళ్ళాయన విశ్వనాథం గారికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన రిటైరయ్యాక కింద హోమ్ థియేటర్ కట్టుకున్నారు. ఆ స్పీకర్ల మీద ఎవరి చెయ్యీ పడనివ్వరు. సుబ్బులు గారు నలభై ఎనిమిదేళ్ళ కాపురం అంతా కళ్ళలో పెట్టి ఆయన వంక ఒక్క చూపు చూశారు. వచ్చే శనివారం అయితే కుదురుతుంది అన్నారాయన.

షరతులు: చెప్పులు పైనే విడవాలి. మందు లేదు. పదింటికల్లా ఆపాలి. ఎవరూ ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు.

మానవ్‌కి ఫోన్ చేసి చెప్పాను. అటువైపు నించి నవ్వు. అందర్నీ అడిగి చెప్తానన్నాడు. గంటకి మెసేజ్ వచ్చింది, మూడు బ్యాండ్లూ ఓకే అని. ఈసారి ఓకే బాగుంది.

మే 4, ఆదివారం, ఉదయం 8:20

నిద్ర సరిగ్గా పట్టలేదు, ఆనందంతో. వరసగా రాస్తాను.

గుమ్మంలో నలభై జతల బూట్లు, అరవై జతల చెప్పులు. జుట్టుకి ఆకుపచ్చ రంగు వేసుకున్న పిల్లలు చిల్లుల సాక్సులతో మెట్లు దిగుతుంటే, ముందు తినండి నాయనా అని పైన చేతుల్లో ప్లేట్లు పెట్టేశారు మావాళ్ళు. పెన్సిల్వేనియా బ్యాండ్ అబ్బాయి గోంగూర మూడుసార్లు వడ్డించుకున్నాడు. విశ్వనాథం గారు స్పీకర్ల ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు, తర్వాత చూస్తే ఆయనే ఆ పిల్లలకి వైర్లు అందిస్తున్నారు. హంసిక గారు కూడా వచ్చారు, మెట్ల దగ్గరే నిలబడ్డారు.

మా మొదటి రెండు పాటలు గడిచాయి. ఎలా గడిచాయో తెలియదు. తర్వాత మనీషా మైక్‌లో పాట పేరు చెప్పి నా వైపు తిరిగింది.

నిశ్శబ్దం. ఒక ఆవర్తనం వాయించాను. రెండోది మొదలుపెట్టాను. చెయ్యి ఆగిపోయింది.

అదే. అచ్చం అదే. ఎవరో దగ్గారు కూడా! జగదీష్ మొహం కనిపించింది, పక్కన నైనిక ఫోన్ దించేసింది. మెట్లు ఎంత దూరమో చూసుకున్నాను, అబద్ధమెందుకు. మానవ్ స్టిక్స్ ఎత్తుతున్నాడు.

అప్పుడు వినపడింది, తొడ మీద దెబ్బ. సుబ్బులు గారు. కళ్ళు మూసుకుని, నాకేసి చూడనైనా చూడకుండా. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. రెండో దెబ్బకి పక్కావిడ కలిసింది. మూడో దెబ్బకి గది సగం. నామం మధ్యలో ఊపిరి తప్పితే అందుకుంటాం కదా, అంతే, అలవాటు. ఎవరూ చప్పట్లు కొట్టి ధైర్యం చెప్పలేదు, పాపం అనలేదు. నేను ఎక్కడున్నానో అక్కడ తాళం పట్టుకుని నిలబడ్డారు. ఒక ఆవర్తనం నాకోసం ఖాళీగా తిరిగింది. ఆకుపచ్చ జుట్టు పిల్ల పక్కావిణ్ణి చూసి వేళ్ళు మడుస్తోంది, తప్పుల తడకగా.

మళ్ళీ మొదటి దెబ్బ పడగానే అందుకున్నాను. వేళ్ళు వెళ్ళిపోయాయి. గమకం దగ్గర తీగని ఎంత లాగానంటే తెగుతుందనుకున్నాను. డ్రమ్స్ వచ్చాయి, గిటార్ వచ్చింది, మనీషా పాడింది. ఇంకా ఇరవై నిమిషాలు అన్నచోట రెండోసారికే అందరూ అందుకున్నారు. మా గ్రూప్‌కి వెయ్యి నామాలు ఒక్క గొంతుతో అనడం అలవాటే, ఒక్క మాట ఎంత.

అయిపోయాక జగదీష్ జనంలోంచి తోసుకుని వచ్చాడు. బేస్ నా మెడలోంచి తీసి తనే పట్టుకున్నాడు. ఇంటికెళ్ళేప్పుడు కారులో, గోడ మీది వీణ మీ అమ్మది కాదా అని అడిగాడు. కాదన్నాను. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు అన్నాడు. ఏడ్చాను, అతనూ కొంచెం.

హంసిక గారు వెళ్తూ వెళ్తూ మానవ్‌ని ఆపారు. వాడు బిగుసుకుపోయాడు. కిచెన్‌లో కొళాయి లీకేజీ ఆగిందా అని అడిగారట. లేదన్నాడు. ప్లంబర్‌ని పంపిస్తాను, డ్రమ్స్ ఉంచుకో, రాత్రి తొమ్మిది దాటి కొడితే మాత్రం ఊరుకోను అన్నారట. షోలు మటుకు అక్కడ వద్దట.

షోలకి సుబ్బులు గారి బేస్‌మెంట్ జూన్‌కి కూడా బుక్ అయిపోయింది. బుక్ చేసింది విశ్వనాథం గారు.

మే 9, శుక్రవారం

నైనిక లాండ్రీ రూమ్‌లోంచి కేకేసింది. మళ్ళీ నేర్చుకుంటుందట, నా బేస్ ఏదీ అని. నీ బేస్ జనవరిలోనే పోయిందన్నాను. ఎవరు తీసుకున్నారేమిటి అంది, తెలియనట్టు.

ఒక ఆంటీ అన్నాను.